ఫ్లోరైడ్: పంటికి కాపు ఎక్కడ, చేటు ఎక్కడ

రెండో తరగతో మూడో తరగతో చదువుతున్న పిల్లవాడి పైపెదవిని వేలితో కాస్త ఎత్తిపట్టి, కొత్తగా దిగిన ముందుపళ్ళు రెండింటినీ దూదితో తుడిచి, కొద్దిసేపు గాలికి ఆరనివ్వండి. అంతవరకూ ఒకే రంగులో నున్నగా కనిపించిన పంటి మీద ఒక్కోసారి సన్నని తెల్లని అడ్డగీతలు తేలతాయి. ఆ గీతలున్న చోట పింగాణి పొరలో, అంటే ఎనామిల్‌లో, కంటికి ఆననంత సన్నని బెజ్జాలుంటాయి. వాటిలో నీరు నిండి ఉన్నంతసేపు వెలుతురు పెద్దగా చెదరకుండా లోపలికి సాగిపోతుంది. నీరు ఆరి ఆ చోట గాలి చేరగానే వెలుతురు చెదిరిపోయి అక్కడ తెల్లగా కనిపిస్తుంది. దంతవైద్యులు గాలిగొట్టంతో పన్నును ఆరబెట్టి చూసేది ఇందుకే. గీతలు ఎడమ పంటి మీదా కుడి పంటి మీదా ఒకే ఎత్తులో జోడుగా ఉంటే అది చాలావరకు ఫ్లోరోసిస్‌కు, అంటే ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరడం వల్ల పళ్ళకూ ఎముకలకూ కలిగే చేటుకు, గుర్తు. ఆ రెండు పళ్ళూ చిగురు లోపల ఒకే కాలంలో తయారయ్యాయి కనుక, ఆ కాలంలో ఒంట్లోకి వచ్చినది రెండింటి మీదా ఒకేలా అచ్చు పడింది. దెబ్బ తగలడం వల్లో, పాలపంటి కింద చీము పట్టడం వల్లో వచ్చే మచ్చ సాధారణంగా ఒక్క పంటితో ఆగుతుంది.

ఇది ఫ్లోరోసిస్ తొలిమెట్టు మాత్రమే. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపో, ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి వైపో పాత తరం వారి పళ్ళను చూడటానికి ఆరబెట్టవలసిన పని లేదు. పన్నంతా సున్నం పూసినట్టు తెల్లబడి, దాని మీద గోధుమరంగు చారలు దిగి, కొందరికి పైపొర గుంటలు గుంటలుగా రాలిపోయి ఉంటుంది. దీనికి కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. అదే ఊళ్ళో కిరాణా కొట్టులో దొరికే టూత్‌పేస్టు డబ్బా మీద మాత్రం ఇందులో ఫ్లోరైడ్ ఉందని ఒక సుగుణంగా రాసి ఉంటుంది. ఇదేమిటని ఎవరైనా అడిగితే వారికి సరైన జవాబు ఇవ్వవలసిందే. ఫ్లోరైడ్ మంచిదా చెడ్డదా అని అడిగినంతకాలం ఆ జవాబు దొరకదు. ఎంత, ఏ వయసులో, ఏ దారిన అనే మూడు ప్రశ్నలను విడదీసి అడగాలని దంతవైద్య పరిశోధనకే బోధపడటానికి అరవై, డెబ్బై ఏళ్ళు పట్టింది.

మచ్చల వెంట నడిచిన మనిషి

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు, చదువు ముగించుకున్న వెంటనే అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో వైద్యం మొదలుపెట్టాడు. అక్కడే పుట్టి పెరిగినవారి పళ్ళ మీద చాక్లెట్ రంగు మరకలు చూసి ఆశ్చర్యపోయాడు. తాను చదివిన పుస్తకాల్లో వాటి ప్రస్తావన ఎక్కడా లేదు. పంది మాంసం ఎక్కువ తినడం వల్లనని కొందరు, పాలు మంచివి కాకపోవడం వల్లనని ఇంకొందరు స్థానికులు చెప్పేవారు. ఆ కాలంలో దంతవైద్యానికి పెద్దదిక్కుగా ఉన్న జి.వి.బ్లాక్‌ను మెకే పట్టుబట్టి రప్పించాడు. ఆయన 1909 నుంచి 1915లో కన్నుమూసేదాకా ఈ మరకలనే పరిశీలించాడు. వారిద్దరికీ రెండు సంగతులు తేలాయి. ఒకటి, పిల్లల పళ్ళు తయారయ్యే వయసులోనే మరక పడుతుంది; పళ్ళన్నీ వచ్చాక ఆ ఊరికి వలస వచ్చిన పెద్దవారికి ఏమీ కాదు. రెండోది వారు ఎదురుచూడనిది: మరకలున్న ఆ పళ్ళు మిగతా ఊళ్ళవారి పళ్ళంత సులువుగా పుచ్చిపోవడం లేదు.

దంతవైద్య చరిత్రలో ఇంతటి మలుపు మరొకటి ఉందని నేననుకోను. ఒక లోపానికి కారణం వెతుకుతూ బయలుదేరినవారికి ఒక రక్షణ జాడ దొరికింది. అయితే మరకకూ రక్షణకూ కారణం ఒకటేనా, అది ఏమిటి అన్నది తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మెకే అనుమానం నీటి మీదికి వెళ్ళింది. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి తల్లిదండ్రులు, దూరాన ఉన్న వేడినీటి ఊట నుంచి తమకు కొత్తగా గొట్టపు నీరు వచ్చిన తరువాతే పిల్లల పళ్ళకు మరకలు మొదలయ్యాయని ఆయనకు చెప్పారు. ఆ నీటిని పరీక్షిస్తే అప్పటి పద్ధతులకు ఏమీ దొరకలేదు. అయినా ఆ గొట్టం వదిలేసి వేరే ఊట నీరు వాడమని మెకే సలహా ఇచ్చాడు. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు శాశ్వత పళ్ళు మచ్చ లేకుండా రావడం మొదలైంది. పదార్థం పేరు తెలియకుండానే కారణం ఫలానా చోట ఉందని ఇలా రుజువైంది.

పేరు 1931లో తెలిసింది. ఆర్కాన్సా రాష్ట్రంలో అల్యూమినియం ఖనిజం తవ్వే బాక్సైట్ అనే కంపెనీ ఊళ్ళో కూడా పిల్లల పళ్ళకు ఇవే మరకలు. అల్యూమినియం గిన్నెలు విషమనే ప్రచారం ఆ రోజుల్లో నడుస్తుండటంతో, ఈ నింద కూడా తమ లోహం మీద పడుతుందేమోనని ఆల్కోవా కంపెనీ ప్రధాన రసాయనవేత్త హెచ్.వి.చర్చిల్ అంతకు ముందు ఎవరూ చూడనంత సూక్ష్మంగా ఆ నీటిని వర్ణపటంతో పరీక్షించాడు. అందులో అల్యూమినియం దోషమేమీ కనబడలేదు. కనబడినది ఫ్లోరైడ్, అదీ ఎవరూ ఊహించనంత మోతాదులో.

గీత ఎక్కడ గీయాలి

అక్కడి నుంచి పని ట్రెండ్లీ డీన్ చేతికి వచ్చింది. అమెరికా ప్రజారోగ్య శాఖలో దంతవైద్యుడైన డీన్ ముందు కొలబద్దలు సిద్ధం చేయించాడు. పదిలక్షల వంతుల నీటిలో ఒక వంతు కన్నా తక్కువగా, దానిలో పదోవంతే ఉన్నా ఫ్లోరైడ్‌ను కొలిచే పద్ధతిని ఎలియాస్ ఎల్వోవ్ అనే రసాయనవేత్త తయారుచేశాడు. పంటి మరకలను అనుమానాస్పదం నుంచి తీవ్రం దాకా మెట్లుగా విభజించే సూచికను డీన్ స్వయంగా రూపొందించాడు. అది నేటికీ వాడుకలో ఉంది. ఆపైన నాలుగు రాష్ట్రాల్లోని 21 పట్టణాల్లో 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 7,257 మంది నోళ్ళు పరిశీలించి, ఆయా పట్టణాల నీటిలోని ఫ్లోరైడ్‌తో పోల్చి 1942లో ఫలితాలు ప్రకటించాడు. నీటిలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పుచ్చుపళ్ళు తగ్గుతూ వచ్చి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటిన తరువాత ఆ తగ్గుదల మందగిస్తోంది. మరకలు మాత్రం ఆ తరువాతే వేగంగా పెరుగుతున్నాయి. లాభం ఇంచుమించు పూర్తిగా దక్కి, నష్టం ఇంకా పైకి తేలని చోటు లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర ఉందని ఆయన తేల్చాడు. దీన్నే ఒక పీపీఎం అంటారు.

1945 జనవరి 25న మిచిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ నగరం తన కుళాయి నీటిలో ఫ్లోరైడ్‌ను ఆ మోతాదుకు సరిచేసింది. పోల్చి చూడటానికి మస్కీగన్ పట్టణాన్ని ఉన్నదున్నట్టు వదిలారు. పదకొండేళ్ళ తరువాత, ఫ్లోరైడ్ కలపడం మొదలయ్యాక పుట్టిన గ్రాండ్ రాపిడ్స్ పిల్లల్లో పుచ్చు 60 శాతానికి పైగా తగ్గిందని ప్రకటించారు. అయితే ఈ ప్రయోగంలో ఒక లోటు ఉంది. గ్రాండ్ రాపిడ్స్ పిల్లల పళ్ళు బాగుపడుతున్నాయని విన్న మస్కీగన్ ప్రజలు తమకూ కావాలని పట్టుబట్టి 1951లోనే ఫ్లోరైడ్ కలిపించుకున్నారు. పోలిక కోసం ఉంచిన ఊరే పోలిక నుంచి తప్పుకుంది. పైగా ఏ ఊరికి ఫ్లోరైడ్ ఇవ్వాలన్నది చీటీ వేసి ఎంచలేదు, పళ్ళు పరీక్షించేవారికి ఏ పిల్లవాడు ఏ ఊరివాడో ముందే తెలుసు. నేటి కొలమానాలతో చూస్తే ఇవి చిన్న లోపాలు కావు. ప్రజల నోళ్ళ మీద జరిగే పరిశోధన ప్రయోగశాల గోడల మధ్య జరిగేది కాదు కనుక, ఈ లోపాలు తరువాతి దశాబ్దాల్లోనూ పూర్తిగా పోలేదు.

పంటి లోపల జరిగేది

పుచ్చుకూ మచ్చకూ సంబంధించిన ఈ రెండు కథలు పంటి మీద రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు వయసుల్లో జరుగుతాయి. ఈ ఒక్క విషయం స్పష్టంగా పట్టుకుంటే మిగతా చిక్కంతా సగం విడిపోతుంది.

మొదట పుచ్చు సంగతి. పింగాణి పొర ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్‌లు కలిసిన హైడ్రాక్సీ ఎపటైట్ అనే స్ఫటికాలతో కట్టినది. మనం బెల్లం ముక్కో బిస్కెట్టో నోట్లో వేసుకోగానే పంటి మీద పాచిలో కాపురమున్న సూక్ష్మజీవులు ఆ తీపిని ఆమ్లంగా మారుస్తాయి. నిమిషాల్లోనే పాచి కింద పీహెచ్ పడిపోతుంది; ఈ అంకె ఎంత తగ్గితే ఆమ్లగుణం అంత ఎక్కువని అర్థం. అది సుమారు 5.5 కన్నా తగ్గితే స్ఫటికాల నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. అరగంట, గంటలో లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేసి, కరిగిన ఖనిజంలో కొంత తిరిగి పంటికి చేరుస్తుంది. పన్ను రోజంతా ఇలా అరుగుతూ పూడుతూ ఉంటుంది. పూడిక కన్నా అరుగుదల నెలల తరబడి పైచేయిగా ఉంటే అది చివరికి పిప్పిపన్ను అవుతుంది. రోజులో ఎంత తీపి తిన్నామన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యమని దంతవైద్యులు చెప్పేది ఈ లెక్క మీదే.

ఈ అరుగుదల, పూడికల నడుమ లాలాజలంలో కొద్దిపాటి ఫ్లోరైడ్ ఉంటే రెండు పనులు జరుగుతాయి. స్ఫటికాల పైముఖం మీద అది చేరి ఖనిజం కరగకుండా అడ్డుపడుతుంది. తిరిగి పూడేటప్పుడు ఫ్లోరైడ్ కలిసిన గట్టి స్ఫటికం ఏర్పడేలా చేస్తుంది. ఆ కొత్త స్ఫటికం కరగాలంటే పీహెచ్ ఇంకా కిందికి, సుమారు 4.5 దాకా పడాలి. ఈ రెండు పనులకూ ఫ్లోరైడ్ ఉండవలసిన చోటు నోరు. డీన్ కాలంలో అలా అనుకోలేదు. నీటిలోని ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్ళి, రక్తం ద్వారా చిగురు లోపలి పంటిని చేరి, దాన్ని పుట్టుకతోనే గట్టిపరుస్తుందని నమ్మారు. ఆ నమ్మకంతోనే కొన్ని దేశాల్లో పిల్లలకు ఫ్లోరైడ్ మాత్రలు మింగించారు. 1980ల, 90ల పరిశోధన ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. పుచ్చు నుంచి కాపాడేది ప్రధానంగా పన్ను దిగిన తరువాత పైనుంచి తగిలే ఫ్లోరైడ్ అని, మింగినది చేసే మేలు దానితో పోలిస్తే తక్కువని నేడు పరిశోధకుల్లో ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

మచ్చ సంగతి దీనికి భిన్నం. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడు పింగాణి పొర మొదట మెత్తని ప్రోటీన్ అచ్చుగా ఏర్పడుతుంది. తరువాత ఆ ప్రోటీన్ కొద్దికొద్దిగా తొలగిపోతూ, ఖాళీ అయిన చోట ఖనిజం నిండాలి. ఆ సమయంలో రక్తంలో ఫ్లోరైడ్ అవసరానికి మించి ఉంటే ప్రోటీన్ తొలగడం ఆలస్యమవుతుంది, ఖనిజం నిండవలసిన చోట బెజ్జాలు మిగిలిపోతాయి. పన్ను దిగాక కనిపించే తెల్లదనం ఆ బెజ్జాలదే. గోధుమరంగు పుట్టుకతో వచ్చేది కాదు. నోట్లోకి వచ్చాక ఆ బెజ్జాల్లోకి రంగులు దిగడం వల్ల వచ్చేది. ముందుపళ్ళ విషయంలో ఈ ప్రమాదం రెండు, మూడేళ్ళ వయసు దగ్గర ఎక్కువ. మొత్తం మీద ఎనిమిదేళ్ళు దాటాక కొత్తగా దంత ఫ్లోరోసిస్ రాదు. ఒకసారి దిగిన పింగాణి పొరను ఒళ్ళు మళ్ళీ తయారుచేయలేదు కనుక వచ్చిన మచ్చ తనంతట తాను పోదు.

అంటే కాపుకు కావలసింది నోట్లో, జీవితాంతం, కొద్దికొద్దిగా ఉండే ఫ్లోరైడ్. చేటు చేసేది కడుపులోకి, పసితనంలో, ఎక్కువగా వెళ్ళే ఫ్లోరైడ్. మచ్చలున్న పన్ను పుచ్చదనే మాట కూడా కొంతవరకే నిజం. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో పైపొర గుంటలు పడి రాలిపోతే, ఆ గుంటల్లో పాచి నిలిచి పన్ను పుచ్చడానికి అవకాశం ఎక్కువే.

నెల్లూరు ఎద్దుల నుంచి నల్లగొండ బిందె దాకా

అమెరికాలో పట్టణాల పళ్ళను లెక్కిస్తున్న ఆ ఏళ్ళలోనే తెలుగునేల మీద ఫ్లోరైడ్ మరో ముఖం బయటపడింది. 1930లలో నాటి నెల్లూరు జిల్లా రైతులు తమ ఎద్దులు నడవలేక కూలబడుతున్నాయని ముందుగా గమనించారని చెబుతారు. 1937లో హెచ్.ఇ.షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో స్థానికంగా వ్యాపించిన ఫ్లోరోసిస్ గురించి పరిశోధన పత్రం ప్రచురించారు. మన దేశంలో మనుషుల్లో ఈ వ్యాధిని శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి రచనల్లో అది ఒకటి. పళ్ళ మీద మచ్చలతో ఆగకుండా వెన్నెముక బిగిసిపోయి, మెడ తిప్పలేక, వంగి లేవలేక బతుకుతున్న రైతుకూలీలు అందులో ఉన్నారు. 1955లో ఎ.హెచ్.సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల యువకుల్లో మోకాళ్ళు లోపలికి ఒరుసుకునేలా కాళ్ళు వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. జొన్న ప్రధాన ఆహారమైన ఇళ్ళలో అది ఎక్కువగా కనబడటాన్ని కూడా ఆ సంస్థ పరిశోధకులు పరిశీలించారు. ఫ్లోరైడ్ చేసే హాని నీటి మోతాదు మీదే కాక తిండి మీద, ఒంట్లోని కాల్షియం, రాగి నిల్వల మీద కూడా ఆధారపడుతుందని మన దగ్గరి పరిశోధన ప్రపంచానికి నేర్పింది. ఆ సంగతి ఇక్కడి వారికే సరిగా తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ ఫ్లోరైడ్ ఎవరూ కలిపినది కాదు. ఈ నేల కింద ఉన్నది గట్టి గ్రానైటు రాయి. దాని ఖనిజాల్లో ఫ్లోరిన్, అంటే ఫ్లోరైడ్‌కు మూలమైన మూలకం, సహజంగానే ఉంటుంది. కాల్షియం సమృద్ధిగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ కాల్షియంతో కలిసి అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువై క్షారగుణం ఎక్కువైన నీటిలో అది కరిగే ఉంటుంది. మన మెట్ట ప్రాంతాల లోతైన బోరునీరు చాలాచోట్ల ఈ రెండో రకం. వానలు తగ్గి, బావులు ఎండి, బోర్లు లోతుకు దిగేకొద్దీ నీరు రాయితో గడిపే కాలం పెరిగి ఫ్లోరైడ్ కూడా పెరుగుతుంది.

తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. భారత ప్రమాణాల సంస్థ 1 మిల్లీగ్రామును కోరదగిన హద్దుగా, వేరే నీరు దొరకనప్పుడు మాత్రం 1.5ను ఓర్చుకోదగిన హద్దుగా పెట్టింది. డీన్ గీసిన గీత చల్లని ఊళ్ళది. నల్లగొండ ఎండలో చేలో పని చేసే మనిషి రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతాడు. నీటిలో 4 మిల్లీగ్రాములు ఉంటే 16 నుంచి 20 మిల్లీగ్రాములు నీటి ద్వారానే ఒంట్లో చేరుతుంది. రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు సూచనలు కనిపిస్తాయని, 14 దగ్గర అది స్పష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ మీద అదే నీటితో వండిన అన్నం, పప్పు, కాచిన టీ కూడా కలుస్తాయి. నీరు కాచితే మంచిదైపోతుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది.

నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో దీన్ని రూపొందించింది. ఇంట్లో చేసుకోవాలంటే నలభై లీటర్ల బకెట్టు, అడుగుకు నాలుగైదు సెంటీమీటర్ల పైన ఒక కుళాయి చాలు. నీటిలో పటిక, కాస్త సున్నం, బ్లీచింగ్ పొడి వేసి ముందు గట్టిగా, తరువాత పది నిమిషాలు మెల్లగా కలిపితే పటిక దూదిపింజల్లా విరిగి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. గంట ఆగి పైతేట వాడుకోవాలి. కుళాయి అడుగుకు కాస్త పైన పెట్టేది ఆ మడ్డి కదలకుండా ఉండటానికే. ఆఫ్రికాలోని రిఫ్ట్ లోయ దేశాల దాకా ఈ పద్ధతి వెళ్ళింది. అయితే ఫ్లోరైడ్, క్షారగుణం ఎక్కువైతే పటిక కూడా ఎక్కువ పట్టి నీటి రుచి మారిపోతుంది, మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అన్నిటికన్నా, రోజూ తప్పకుండా చేసేవారెవరన్నదే అసలు చిక్కు. మన పల్లెల్లో దీనికన్నా మేలు చేసింది దూరం నుంచి తెచ్చిన నది నీరే. మిషన్ భగీరథ వంటి పథకాలతో కృష్ణా నీరు ఊళ్ళకు చేరినప్పుడు మారినది ఓక్లీలో మారినట్టే నీటి వనరు.

పేస్టు లెక్క

ఇప్పుడు కిరాణా కొట్టు డబ్బా దగ్గరికి వద్దాం. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎంకు మించరాదని, ఎంత ఉందో గొట్టం మీద రాయాలని నిబంధన ఉంది. వెయ్యి అనే అంకె చూసి నీటిలో ఒకటే ఎక్కువంటుంటే ఇదేమిటని భయపడటం సహజమే. అయితే పేస్టును లీటర్ల లెక్కన మింగం. 1000 పీపీఎం పేస్టు ఒక గ్రాములో ఉండే ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము. మూడేళ్ళలోపు పిల్లలకు చెప్పే బియ్యపు గింజంత పేస్టులో సుమారు 0.1 మిల్లీగ్రాము, ఆపై వయసు పిల్లలకు చెప్పే బఠానీ గింజంతలో 0.25 మిల్లీగ్రాము ఉంటుంది. పిల్లవాడు అదంతా మింగేసినా అంతే. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరునీరు ఒక లీటరు తాగే పిల్లవాడికి నీటి ద్వారా అందేది 4 మిల్లీగ్రాములు. రోజుకొకసారి పళ్ళు తోమే పిల్లవాడికి ఆ ఇంట్లో పేస్టు మానిపించి నీళ్ళు అవే తాగిస్తే తగ్గించింది వందలో రెండు నుంచి ఆరు వంతులు మాత్రమే. ఫ్లోరైడ్ పీడిత ఊళ్ళలో పసిపిల్లలకు ఫ్లోరైడ్ లేని పేస్టు వాడమనే సలహాను నేను తప్పుపట్టను, మింగే వయసులో ప్రతి బొట్టూ లెక్కే. కానీ ఆ సలహా ఇచ్చి నీటి సంగతి ఎత్తకపోతే అది సలహా కాదు.

ఇక గోదావరి డెల్టాలోనో, నది నీరు తాగే నగరంలోనో ఉన్న తల్లి నల్లగొండ ఫొటోలు చూసి భయపడి పిల్లలకు ఫ్లోరైడ్ లేని పేస్టు కొంటే, తనకు లేని ప్రమాదాన్ని తప్పించుకోబోయి ఉన్న రక్షణను వదులుకున్నట్టు. ఫ్లోరైడ్ పేస్టుకు ఉన్నంత గట్టి రుజువు దంతవైద్యంలో చాలా కొద్ది వాటికే ఉంది. వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2003లో నలభై రెండు వేలకు పైగా పిల్లల మీద జరిగిన డెబ్బై ప్రయోగాలను కలిపి చూస్తే, పుచ్చు సగటున 24 శాతం తగ్గినట్టు తేలింది. ఇవి గ్రాండ్ రాపిడ్స్ వంటి ఊరి పోలికలు కావు. ఏ పిల్లవాడికి ఏ పేస్టు అన్నది నిర్ణీత పద్ధతిలో పంచి, ఏళ్ళ తరబడి గమనించిన ప్రయోగాలు. మన దేశంలో 2002-03లో జరిగిన జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో సగానికి పైగా పుచ్చుపళ్ళున్నవారేనని తేలిన సంగతి కూడా ఈ లెక్కలో చేరాలి. ఉమ్మడం రాని పిల్లలకు పెద్దవారే పేస్టు వేయాలి. ఉమ్మిన వెంటనే నీళ్ళతో పదేపదే పుక్కిలించకపోతే ఫ్లోరైడ్ పంటిని ఇంకాసేపు అంటిపెట్టుకుని ఉంటుంది.

ఇప్పటి వివాదం మనకు ఎంతవరకు వర్తిస్తుంది

అమెరికాలో కుళాయి నీటికి ఫ్లోరైడ్ కలపాలా వద్దా అన్న వాదన ఈ మధ్య మళ్ళీ రాజుకుంది. 2025లో యూటా రాష్ట్రం, ఆ వెంటనే ఫ్లోరిడా దాన్ని నిషేధించాయి. ఆ వార్తలు ముక్కలుగా మన ఫోన్లలోకి వచ్చి పడుతున్నాయి కనుక వాటి వెనుక ఉన్న పరిశోధన ఏమిటో చూడాలి. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి.

నీటికి కలిపే ఫ్లోరైడ్ ఇప్పటికీ అంత మేలు చేస్తోందా అన్నది మొదటిది. 2015 నాటి కోక్రేన్ సమీక్ష పిల్లల పాలపళ్ళలో పుచ్చు 35 శాతం తగ్గుతుందని చెబుతూనే, ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం 1975కు ముందువని గుర్తుచేసింది. పేస్టు ఇంటింటికీ చేరిన తరువాతి అధ్యయనాలనే తీసుకుంటే లాభం బాగా తక్కువని, పిల్లవాడికి సగటున పాలపంటిలో పావు వంతు మాత్రమేనని, అదీ నిశ్చయంగా చెప్పలేమని 2024 నాటి కొత్త సమీక్ష తేల్చింది. మరోవైపు కెనడాలో కాల్గరీ నగరం 2011లో ఫ్లోరైడ్ కలపడం మానేసింది, పొరుగున ఉన్న ఎడ్మంటన్ మానలేదు. ఏడెనిమిదేళ్ళ తరువాత రెండో తరగతి పిల్లలను పరీక్షిస్తే పాలపళ్ళు పుచ్చినవారు కాల్గరీలో 64.8 శాతం, ఎడ్మంటన్‌లో 55.1 శాతం. 2021లో కాల్గరీ ప్రజలు మళ్ళీ కలపమని ఓటు వేశారు. సగటు లాభం చిన్నదైనా, పేస్టూ దంతవైద్యుడూ అందని ఇళ్ళ పిల్లలకు అది చిన్నది కాదని నేను ఈ రెంటినీ కలిపి చదువుతాను.

రెండో ప్రశ్న పిల్లల మెదడుకు సంబంధించినది. అమెరికా జాతీయ విషపదార్థ పరిశోధన కార్యక్రమం 2024 ఆగస్టులో ఇచ్చిన నివేదిక, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కూ పిల్లల్లో తక్కువ ఐక్యూకూ సంబంధం ఉందని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పవచ్చంది. అమెరికాలో కలిపే 0.7 మిల్లీగ్రాముల మోతాదు గురించి చెప్పడానికి తగిన సమాచారం లేదని కూడా అదే నివేదిక రాసింది. అది పరిశీలించిన అధ్యయనాలు అమెరికాలో జరిగినవి కావు. వాటిలో చాలావరకు చైనా పల్లెల్లోనివి, కొన్ని మన దేశంలోనివి. సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణమని తేలిపోదు. నీరు బాగాలేని ఊళ్ళలో పేదరికం, పోషకాహార లోపం, ఇతర కలుషితాలు కూడా ఉంటాయి. అయినా ఈ నివేదికను ముందుగా చదవవలసింది, నీటికి ఫ్లోరైడ్ కలిపే వ్యవస్థే లేని మన దేశంలో సహజంగా 1.5 దాటిన నీరు తాగే జిల్లాల అధికారులు. అమెరికాలో 0.7 మీద కోర్టు తగాదా నడుస్తుంటే, ఆ నివేదిక గట్టిగా మాట్లాడిన మోతాదు మన బోర్లలో ఉంది. మచ్చలు, వంగిన ఎముకలు చాలవన్నట్టు, ఇప్పుడు ఆ నీటిని మార్చడానికి మరో కారణం చేరింది.

నీటిని మార్చామని చెప్పే పథకం నిజంగా పనిచేసిందో లేదో తేల్చడానికి పెద్ద యంత్రాలు అవసరం లేదు. గొట్టం వచ్చినా పంపు చెడి ఇంట్లో బోరునీరే తాగుతున్నారా, నది నీరు తాగి వంటకు మాత్రం బోరునీరు వాడుతున్నారా అన్నది కాగితాల్లో తెలియదు. అది పిల్లల పళ్ళలో నమోదవుతుంది. పైవరుస ముందుపళ్ళ పింగాణి పొర పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ళ దాకా తయారై, ఏడెనిమిదేళ్ళకు నోట్లోకి వస్తుంది. కాబట్టి ఒక ఊరికి మంచినీరు వచ్చిన ఏడాది రాసిపెట్టుకుని, ఎనిమిదేళ్ళ తరువాత ఆ ఊరి బడిలో రెండో తరగతి, మూడో తరగతి పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, ముందుపళ్ళు తుడిచి ఆరబెట్టి, డీన్ మెట్ల ప్రకారం రాసుకోవాలి. పక్కనే పదో తరగతి పిల్లల పళ్ళను కూడా అలాగే రాయాలి, వారు పాత నీటితో పెరిగినవారు. రెండు వరుసల నడుమ తేడా ఎంతో, ఆ ఊరికి మంచినీరు నిజంగా చేరినది అంత.